తెల్ల జుట్టుకు డైనా, గోరింటాకా, అలాగే వదిలేయడమా: నలభై ఐదు దాటిన ఆడవాళ్ల కోసం ఒక పోలిక

నలభై ఐదు, యాభై దాటిన ఆడవాళ్లు నలుగురు ఏ పేరంటంలోనో కలిస్తే మోకాళ్ల నొప్పుల తర్వాత మాట మళ్లేది జుట్టు మీదికే. "నువ్వేం వాడుతున్నావ్?" అని ఒకరు మొదలుపెడతారు. ఒకావిడ పార్లర్‌లో వేయించుకుంటానంటుంది, ఒకావిడ హెన్నా అంటుంది, ఇంకొకావిడ కిరాణా కొట్లో దొరికే ప్యాకెట్టు పేరు చెప్పి "ఇరవై ఏళ్లుగా ఇదే, ఏమీ కాలేదు" అంటుంది. నాలుగో ఆవిడ ఏమీ వేసుకోదు, అందరూ ఒక్కసారి ఆమె తల వైపు చూస్తారు. ఏది ఎంచుకోవాలన్న ప్రశ్నలో సగం జుట్టుదైతే సగం ఆ చూపుది, అందుకే రెండింటి గురించీ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏ రంగు బాగుంటుంది అన్నది ఆఖర్న చూసుకోవాల్సిన సంగతి. ముందు చూసుకోవాల్సినవి రెండు: మొదలుపెట్టాక దాన్ని ఎన్నేళ్లు మోయగలరు, మానేయాలనిపిస్తే ఎలా బయటపడతారు. షాపులో అమ్మేవాళ్లు, పార్లర్‌లో వేసేవాళ్లు ఈ రెండో మాట ఎత్తరు. ఏ పద్ధతైనా మొదలుపెట్టడానికి ఒక మధ్యాహ్నం చాలు, బయటపడటానికి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.

ముందు మీ గురించి మీరు తెలుసుకోవాల్సినవి

ఎంత నెరిసింది, ఎక్కడ నెరిసింది అన్నది మొదటిది. అద్దం ముందు నిలబడి పాపిట మూడు నాలుగు చోట్ల తీసి చూడండి. కణతల దగ్గర, పాపిట మొదట్లో మాత్రమే తెల్లగా ఉండి వెనకంతా నల్లగా ఉంటే మీ అవసరం చాలా చిన్నది, తల మొత్తానికి రసాయనం పూయాల్సిన పని లేదు. సగానికి పైగా నెరిసిందంటే లెక్క వేరు. అప్పుడు నల్లరంగు వేసుకున్న ప్రతిసారీ, రెండు మూడు వారాలకే పాపిటలో తెల్ల గీత బయటపడుతుంది, ఎందుకంటే జుట్టు నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. మధ్యలో ఏ వెంట్రుకా తెల్లబడదు, కుదురులో రంగు తయారుచేసే కణాలు పని తగ్గించాక కొత్తగా వచ్చే వెంట్రుకే తెల్లగా వస్తుంది. అందుకే నూనెలు రాసి నెరిసిన వెంట్రుకను మళ్లీ నల్లగా మారుస్తామనే ప్రకటనల మీద డబ్బు పెట్టకండి. గుంటగలగరాకు నూనె, మందార నూనె రాసుకుంటే జుట్టు మెత్తబడుతుంది, అంతవరకే.

రెండోది, మీ చర్మానికి పడుతుందా లేదా. దీని గురించి కింద వివరంగా రాస్తాను, ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం అదే.

మూడోది నెరవడం కాదు, పలచబడటం. మన దేశంలో ముట్లు ఆగిపోయే వయసు సగటున 46–47 ఏళ్లు. ఆ సమయంలో ఈస్ట్రోజన్ తగ్గడంతో పాపిట వెడల్పవుతుంది, జడ సన్నబడుతుంది. దానికి తోడు థైరాయిడ్, రక్తహీనత, విటమిన్ బి12 లోపం మన ఆడవాళ్లలో మామూలే. జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడుతుంటే రంగు గురించి ఆలోచించే ముందు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్, బి12 పరీక్షలు చేయించుకోండి. సన్నబడిన జుట్టుకు నెలనెలా పర్మనెంట్ డై వేస్తే అది మరింత పెళుసవుతుంది. పైగా జుట్టు పలచగా ఉన్నప్పుడు చిక్కటి నల్లరంగు వేస్తే తెల్లటి మాడు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ఇది చాలామంది గమనించరు. నల్లటి జుట్టుకూ మాడుకూ మధ్య తేడా ఎంత పెరిగితే పలచదనం అంత కళ్లకు కడుతుంది.

నాలుగోది నేను మొదట చెప్పిన బయటపడే దారి. డబ్బు, సమయం ఎలాగూ చూసుకుంటారు.

మొత్తం ఒక్కచోట పెట్టి చూస్తే ఇలా ఉంటుంది:

| పద్ధతి | తెల్లదనాన్ని ఎంత కప్పుతుంది | ఎన్నాళ్లకోసారి | అలర్జీ భయం | మానేయాలంటే |
|---|---|---|---|---|
| పర్మనెంట్ డై (అమ్మోనియా ఉన్నది, లేనిది) | పూర్తిగా | 3–4 వారాలు | ఎక్కువ | కష్టం, గీత కనిపిస్తుంది |
| "బ్లాక్ హెన్నా" ప్యాకెట్లు | పూర్తిగా | 2–4 వారాలు | ఎక్కువ | కష్టం |
| గోరింటాకు ఒక్కటే | నారింజ, ఎరుపు | 3–4 వారాలు | చాలా తక్కువ | గీత కనిపిస్తుంది, రంగు వదలదు |
| గోరింటాకు, తర్వాత నీలి ఆకు | బాగానే, గోధుమ నుంచి నలుపు దాకా | 3–4 వారాలు | తక్కువ | కష్టమే |
| సెమీ పర్మనెంట్, టచప్ స్టిక్‌లు | కొంతవరకు | కొన్ని తలస్నానాలు | సరుకును బట్టి | తేలిక |
| హైలైట్స్‌తో కలిపేయడం | కప్పదు, కలిసిపోతుంది | 3–4 నెలలు | మధ్యస్థం | తేలిక |
| అలాగే వదిలేయడం | లేదు | లేదు | లేదు | ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చు |

పర్మనెంట్ డై, దానిలోని పీపీడీ

ఫలితం చూస్తే దీనికి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అరగంట, నలభై నిమిషాల్లో తెల్ల వెంట్రుక అనేది లేకుండా పోతుంది. పెరాక్సైడ్, ఆల్కలీ కలిసి వెంట్రుక పైపొరను తెరిచి రంగును లోపలికి పంపుతాయి కాబట్టి కడిగినా పోదు. నెరిసిన జుట్టుకు మామూలుగా 20 వాల్యూమ్ డెవలపర్ వాడతారు, అంటే 6 శాతం పెరాక్సైడ్. మీ పార్లర్‌లో 30 కలుపుతుంటే ఎందుకని అడగండి, మీకు తేలికపాటి రంగు కావాలంటే తప్ప దాని అవసరం ఉండదు.

"అమ్మోనియా ఫ్రీ" అన్న మాట చూసి చాలామంది నిశ్చింత పడతారు. అమ్మోనియా లేకపోతే ఆ ఘాటు వాసన, కళ్లు మండటం తగ్గుతాయి, దాని బదులు ఇథనోలమీన్ లాంటిది ఇంకొకటి వేస్తారు. అలర్జీకి అసలు కారణం అమ్మోనియా కాదు. ముదురు రంగుల్లో ఉండే పీపీడీ, అంటే పారాఫినైలిన్‌డయమీన్. అమ్మోనియా లేని డబ్బాల్లో కూడా అది చాలావరకు ఉంటుంది. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2006లో ఆ ఏడాదికి ప్రధాన అలర్జీ కారకంగా దీన్నే ప్రకటించింది. యూరప్‌లో తలకు పూసే సమయానికి మిశ్రమంలో ఇది 2 శాతం దాటకూడదని నిబంధన ఉంది.

ఇప్పుడు ఆ "ఇరవై ఏళ్లుగా ఏమీ కాలేదు" అన్న మాట దగ్గరికి వద్దాం. పీపీడీ అలర్జీ మొదటిసారే రావాలని లేదు. ఏళ్ల తరబడి వాడుతుండగా ఒంటికి లోలోపల పడకుండా పోయి, ఒకరోజు ఉన్నట్టుండి బయటపడుతుంది. ఒకసారి వచ్చిందంటే జీవితాంతం ఉంటుంది, తర్వాత వేసుకున్న ప్రతిసారీ ముదురుతుంది. మొదట చెవుల వెనక, మెడ మీద, నుదుటి అంచున దురద. తర్వాత రసి కారడం, కనురెప్పలు వాచిపోవడం. చాలామంది ఆ దురదకు ఒక మాత్ర వేసుకుని వచ్చే నెల మళ్లీ అదే డబ్బా తెరుస్తారు. దయచేసి అలా చేయకండి. ముఖం వాచినా, ఊపిరి ఆడనట్టు అనిపించినా డాక్టర్ దగ్గరికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

దురద లేకుండా వచ్చేది ఇంకొకటుంది. నుదురు, కణతలు, చెవుల ముందు, మెడ పక్కన చర్మం మెల్లగా బూడిద కలిసిన నలుపులోకి మారుతుంది. ఈ వయసులో ముఖం మీద నల్లబడితే అందరూ మంగు అనుకుంటారు, మందుల షాపులో క్రీములు కొంటారు, వాటిలో కొన్ని స్టెరాయిడ్ కలిపినవి ఉండి చర్మాన్ని ఇంకా పాడుచేస్తాయి. మంగు సాధారణంగా బుగ్గల మీద, ముక్కు మీద గోధుమరంగులో ఉంటుంది. నలుపు జుట్టు అంచు వెంబడి, డై తగిలే చోట మొదలై కిందికి పాకుతుంటే మాత్రం ముందు డైని అనుమానించండి. చర్మవ్యాధుల డాక్టర్ ప్యాచ్ పరీక్ష చేసి తేలుస్తారు. మీ ఆడపడుచుకో, అక్కకో నుదుటి అంచున అలా నల్లబడుతుంటే ఈ ఒక్క మాట చెప్పండి, క్రీముల మీద పోసే డబ్బు మిగులుతుంది.

ఇంట్లో చేసుకునే పరీక్ష సులభం. డబ్బాలో చెప్పిన ప్రకారం రవ్వంత కలిపి, చెవి వెనకో మోచేతి మడతలోనో రూపాయి బిళ్లంత పూసి, 48 గంటలు చూడాలి. డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఇది రాసే ఉంటుంది, కనుబొమ్మలకు, రెప్పలకు వేయకూడదన్న హెచ్చరికతో పాటు. బ్రాండ్ మార్చినా, షేడ్ మార్చినా మళ్లీ చేయాలి. పార్లర్‌లో వేయించుకునేవాళ్లు రెండు రోజుల ముందే వెళ్లి చెవి వెనక రాయించుకోవచ్చు, అడిగితే కాదనరు, కాదన్నారంటే ఆ పార్లర్ మనకు వద్దు.

క్యాన్సర్ భయం గురించి కూడా చాలామంది అడుగుతారు. రోజంతా రంగులతో పనిచేసే పార్లర్ వాళ్లకు ప్రమాదం ఉండే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం చెప్పింది, ఇంట్లో సొంతానికి వాడేవాళ్ల విషయంలో మాత్రం అవునని గానీ కాదని గానీ తేల్చలేదు. అమెరికాలో 1,17,200 మంది నర్సుల మీద చేసి 2020లో వెలువరించిన సుదీర్ఘ అధ్యయనంలో, పర్మనెంట్ డై వాడినవాళ్లకు మొత్తం మీద క్యాన్సర్ ముప్పు పెరిగినట్టు కనపడలేదు, కొన్ని రకాల విషయంలో మాత్రం కాస్త తేడా కనిపించింది. నా లెక్కలో మనం ముందుగా భయపడాల్సింది అలర్జీకి. డబ్బా పిల్లలకు అందకుండా తాళం వేసిన చోట పెట్టాలి, ఇది కడుపులోకి వెళ్తే ప్రాణాంతకం.

ప్యాకెట్ "బ్లాక్ హెన్నా"

తక్కువ ధర, నీళ్లలో కలిపి పూసుకుంటే అయిపోతుంది, పేరులో హెన్నా ఉంది. ఇందుకే మన ఊళ్లలో ఎక్కువమంది వాడేది ఇదే. గోరింటాకుకు నల్లరంగు ఇచ్చే గుణం లేదు. అరగంటలో తెల్లజుట్టును కారునలుపు చేసే పొడి ఏదైనా సరే, దానిలో పీపీడీ లాంటిది ఉన్నట్టే. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితా చదవండి, చిన్న అక్షరాలైతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. జాబితానే లేకపోతే కొనకండి. డబ్బు తక్కువ ఉందని ఇది వాడేవాళ్లకు నేను చెప్పేదొకటే: దీనికంటే మంచి కంపెనీ మామూలు డై ప్యాకెట్ నయం, కనీసం దానిలో ఏముందో రాసి ఉంటుంది.

గోరింటాకు, నీలి ఆకు

గోరింటాకు ఒక్కటే పెడితే తెల్ల వెంట్రుక నారింజ రంగులోకి వస్తుంది, రెండు మూడు రోజుల్లో కాస్త ముదురుతుంది. ఇనుప మూకుట్లో, టీ డికాక్షన్‌తో, ఉసిరి పొడి వేసి రాత్రంతా నానబెడితే కొంచెం నలుపు తిరుగుతుంది గానీ నల్లగా అవదు. పది, పదిహేను శాతం నెరిసినవాళ్లకు ఇది చాలా అందంగా ఉంటుంది, నల్లటి జుట్టు మధ్య రాగి పోగులు మెరిసినట్టుంటాయి. అరవై శాతం నెరిసినవాళ్లకు తల మొత్తం ఎర్రగా అవుతుంది, అది ఇష్టమైతే సరే.

నలుపు కావాలి, పీపీడీ వద్దు అనుకునేవాళ్లకు ఉన్న మంచి దారి గోరింటాకు పెట్టి కడిగాక నీలి ఆకు పెట్టడం. పార్లర్ వాళ్లు ఇండిగో పౌడర్ అంటారు. బట్టలకు రంగు వేయడానికి వందల ఏళ్లుగా వాడిన నీలిమందు మొక్కే ఇది, మన కడప, ప్రకాశం వైపు ఇప్పటికీ సాగు చేస్తారు. గోరింటాకుకైతే రాజస్థాన్‌లోని సోజత్ పేరున్న చోటు, 2021లో సోజత్ మెహందీకి జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కొనేటప్పుడు ఆ సంవత్సరం పంటేనా అని చూడండి, పాత పొడిలో రంగు ఉండదు. భుజాల దాకా జుట్టుకు సుమారు 100 గ్రాముల గోరింటాకు, అంతే నీలి ఆకు పడుతుంది, పొడుగు జడకు దానికి రెట్టింపు.

చేసే తీరు ఇలా ఉంటుంది. ముందురోజు రాత్రి గోరింటాకు పొడి గోరువెచ్చటి నీళ్లలో కలిపి మూత పెట్టండి. తలకు నూనె లేకుండా షాంపూతో కడిగి ఆరాక, పాయలు పాయలుగా తీసి కుదుళ్లకు పట్టించి రెండు మూడు గంటలు ఉంచి, షాంపూ లేకుండా నీళ్లతోనే కడగండి. ఇప్పుడు నీలి ఆకు. దీన్ని ముందే నానబెట్టకూడదు, నిమ్మరసం, పెరుగు లాంటి పులుపు ఏదీ కలపకూడదు. మామూలు గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు ఉప్పు, అంతే. పది పదిహేను నిమిషాలు పక్కన పెడితే పైన తెట్టులా నీలం తేలుతుంది, గరిటెతో కదిపితే లోపల ఆకుపచ్చగా ఉంటుంది, పచ్చిగడ్డి వాసన వస్తుంది. అప్పుడే పెట్టేయాలి, ఆలస్యం చేస్తే శక్తి పోతుంది. గంట, గంటన్నర ఉంచి కడిగితే మొదట జుట్టు ఆకుపచ్చగా, మసకగా కనిపించి గుండె ఝల్లుమంటుంది. కంగారు పడకండి. ఒకటి రెండు రోజుల్లో గాలికి అది నల్లబడుతుంది. ఆ రెండు రోజులూ షాంపూ పెట్టకండి.

ఫలితం ముదురు గోధుమ నుంచి నలుపు దాకా వస్తుంది, డై ఇచ్చే విగ్గులాంటి ఒకే నలుపు కాకుండా అక్కడక్కడా ఛాయలు తేడాగా ఉంటాయి, ఈ వయసు ముఖానికి అదే నప్పుతుందని నా నమ్మకం.

కష్టాలు కూడా చెప్పాలి. ఒక సెలవురోజు మొత్తం పోతుంది. మెడ నొప్పి ఉన్నవాళ్లకు, సైనస్ ఉన్నవాళ్లకు తడి ముద్ద తలమీద గంటల తరబడి మోయడం నరకం, చలికాలంలో చెప్పక్కర్లేదు. స్నానాల గది అంతా మరకలు. మొదటి రెండు మూడు సార్లు కణతల దగ్గర మొండి తెల్ల వెంట్రుకలు రంగు సరిగా పట్టవు, పట్టుదలగా మళ్లీ పెట్టాలి. గోరింటాకు తరచూ పెడితే కొందరికి జుట్టు పొడిబారుతుంది, అందుకే రెండోసారి నుంచి కుదుళ్లకే పెట్టుకోవాలి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలు తేలిగ్గా పగిలిపోయే, పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నవాళ్లు గోరింటాకుకు దూరంగా ఉండాలి. సహజం కదా అని పరీక్ష మానేయకండి, నీలి ఆకు కూడా అరుదుగా కొందరికి పడదు.

బయటపడే దారి ఇక్కడా ఇరుకే. నీలి ఆకు పట్టిన జుట్టును బ్లీచ్ చేస్తే ఆకుపచ్చ ఛాయ మిగిలిపోవచ్చు. కల్తీ హెన్నాల్లో లోహ లవణాలుంటే పెరాక్సైడ్ తగిలినప్పుడు జుట్టు వేడెక్కి తెగిపోతుంది. తర్వాత ఎప్పుడైనా పార్లర్‌కి వెళ్తే ఏడాది నుంచి ఏమేం పెట్టారో దాచకుండా చెప్పండి.

సెమీ పర్మనెంట్, టచప్‌లు

వీటికి జనం ఇచ్చే విలువ తక్కువ. పాపిట దగ్గర, కణతల దగ్గర మాత్రమే నెరిసినవాళ్లకు పెళ్లికో, మీటింగుకో ముందు మస్కారాలా పూసుకునే టచప్ స్టిక్ లేదా పొడి చాలు, రాత్రి తలస్నానంతో పోతుంది. ఎండాకాలంలో మన విజయవాడ చెమటకు నుదుటి మీదికి కారుతుందనేది నిజం, కాబట్టి ఏసీ ఫంక్షన్ హాలు వరకే. సెమీ పర్మనెంట్ రంగు పైపొర మీదే ఉండి కొన్ని తలస్నానాలకు వెలిసిపోతుంది. తెల్లదనాన్ని దాచదు, మసకబారుస్తుంది. డై మానేసే దారిలో ఉన్నవాళ్లకు ఇది మంచి ఊతకర్ర. వీటిలోనూ కొన్నింట్లో పీపీడీ ఉంటుంది, లేబుల్ చూడాల్సిందే.

హైలైట్స్

తెల్లదాన్ని కప్పకుండా, చుట్టూ ఉన్న నల్లజుట్టులో సన్నటి పాయలు తేలిక రంగు చేసి రెండింటినీ కలిపేయడం. పాపిట గీత ఉండదు కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి వెళ్తే చాలు. ఒక్కోసారికి ఖర్చు వేలల్లో ఉంటుంది, బ్లీచ్ వల్ల జుట్టు పొడిబారుతుంది, మన నల్లజుట్టు మీద సరిగ్గా టోన్ చేయకపోతే ఇత్తడి రంగు వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్లు ఉన్న ఊళ్లో అయితేనే. హైదరాబాద్, విశాఖ లాంటి చోట్ల దొరుకుతారు, చిన్న ఊళ్లలో దీని జోలికి పోవద్దనే చెప్తాను.

వదిలేయడం

ఇది ఏమీ చేయకపోవడం అని అనుకుంటారు గానీ, మొదటి ఏడాది అన్నిటికన్నా ఎక్కువ ఓపిక దీనికే కావాలి.

నెలకు 1 సెంటీమీటరు లెక్కన, భుజాల పైకి ఉన్న 25 సెంటీమీటర్ల జుట్టు పూర్తిగా తన రంగుకు రావడానికి రెండేళ్లు పడుతుంది, నడుము దాకా జడ ఉంటే ఐదేళ్లు. ఈలోగా పైన తెలుపు, కింద నలుపు. ఆ గీత చూసే అందరూ ఆగిపోతారు, నాలుగో నెలలో మళ్లీ డబ్బా తెరుస్తారు. దీన్ని దాటడానికి మూడు మార్గాలున్నాయి. పొట్టిగా కత్తిరించుకోవడం ఒకటి. పైన చెప్పిన హైలైట్స్‌తో గీతను చెరిపేయడం రెండోది. మూడోది మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే: తిరుమల మొక్కు ఉన్నవాళ్లు కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చాక, మళ్లీ రంగు మొదలుపెట్టకుండా ఉండిపోవడం. గుండు తర్వాత వచ్చే జుట్టు మొదటి నుంచీ తన రంగుతోనే వస్తుంది, గీత అనేదే ఉండదు. మొక్కు ఎలాగూ తీర్చుకోవాల్సినవాళ్లకు ఇంతకంటే తేలికైన దారి లేదు.

తెల్లజుట్టుకు తన సంరక్షణ తనకు కావాలి. బోరు నీళ్లు, ఎండ, పసుపుపచ్చటి నూనెలు దాన్ని పసుపు తిప్పుతాయి. రెండు వారాలకోసారి ఊదారంగు షాంపూ వాడితే ఆ పసుపు పోతుంది, ఎక్కువసేపు ఉంచితే మాత్రం జుట్టు ఊదాకు తిరుగుతుంది, రెండు నిమిషాలు చాలు. తెల్ల వెంట్రుక కొంచెం గరుగ్గా, పొడిగా ఉంటుంది కాబట్టి కండిషనర్ మానొద్దు. కత్తిరింపు చక్కగా ఉండాలి, కనుబొమ్మలు కాస్త దిద్దుకోవాలి, బొట్టు కాస్త స్పష్టంగా పెట్టుకోవాలి. లేత గోధుమ, మసక పసుపు చీరలు తెల్లజుట్టు పక్కన ముఖాన్ని వెలవెలబోయేలా చేస్తాయి. నెమలి నీలం, కుంకుమ ఎరుపు, ముదురు ఆకుపచ్చ, మామిడి పిందె రంగు అంచుల వెంకటగిరి, మంగళగిరి చీరలు కట్టి చూడండి, అదే ముఖం వెలిగిపోతుంది.

ఇక ఆ చూపు. ఆయన జుట్టు నెరిస్తే పెద్దమనిషి తరహా వచ్చిందంటారు, అదే ఆమెది నెరిస్తే "ఏంటమ్మా ఇలా అయిపోయావ్, ఒంట్లో బాగాలేదా" అంటారు. ఈ మాట ఎక్కువగా అనేది కూడా ఆడవాళ్లే. భర్త పోయినావిడ రంగు వేసుకుంటే ఒక మాట, భర్త ఉన్నావిడ వేసుకోకపోతే ఇంకో మాట. ఇందిరాగాంధీ నుదుటి మీది తెల్లపాయ దేశమంతా గుర్తుపట్టే ముద్రగా మారింది. తెలుగు సినిమాల్లో నటించిన సమీరా రెడ్డి నలభైల్లో తన నెరిసిన జుట్టును దాచకుండా సోషల్ మీడియాలో చూపించింది. వాళ్లు ప్రముఖులు, వాళ్లకు నడుస్తుంది అంటారేమో. కానీ మన ఊళ్లలో పొలానికి వెళ్లే అరవై ఏళ్ల ఆడవాళ్లు, బడిలో పాఠం చెప్పే టీచర్లు తెల్లజుట్టుతో తలెత్తుకునే తిరుగుతున్నారు. మొదటి మూడు నెలలు అడుగుతారు, ఆరో నెలకు మర్చిపోతారు. అడిగినప్పుడు సంజాయిషీ ఇవ్వకండి. "మానేశా, ఇలా బాగుంది" అంటే చాలు, "దురద వస్తోంది, అందుకని" అని మొదలుపెడితే ప్రతి ఒక్కరూ ఒక నూనె పేరు చెప్తారు.

దాని అర్థం రంగు వేసుకోవడం చిన్నతనం అని కాదు. అద్దంలో నల్లజుట్టు చూస్తేనే మీకు హుషారుగా ఉంటే, అది మీ ఇష్టం, దానికీ సంజాయిషీ అక్కర్లేదు. ఎవరో అంటారని వేసుకోవడం, ఎవరో అన్నారని మానేయడం, ఈ రెండే నాకు నచ్చనివి.

మీరు ఎవరైతే ఏది

పది, ఇరవై శాతం నెరిసి, ఇప్పటిదాకా ఏమీ వేయనివాళ్లు: పర్మనెంట్ డై మొదలుపెట్టకండి. టచప్ స్టిక్, లేదా గోరింటాకు. మీకు ఇంకా అన్ని దారులూ తెరిచే ఉన్నాయి, వాటిని మూసుకోకండి.

సగం నెరిసి, నలుపే కావాలనుకునేవాళ్లు, చేతిలో ఆదివారం ఉన్నవాళ్లు: గోరింటాకు, నీలి ఆకు. సమయమే లేని ఉద్యోగస్తులు, ఇప్పటిదాకా దురద ఎరగనివాళ్లు: పార్లర్‌లో డై, కానీ నలుపు కాదు, ఒకటి రెండు మెట్లు తేలికైన ముదురు గోధుమ రంగు, కుదుళ్ల వరకే. పాపిట గీత అంతగా కొట్టొచ్చినట్టు కనిపించదు, మూడు వారాలు కాస్తా ఐదు వారాలవుతుంది.

ముప్పాతిక నెరిసినవాళ్లు: మీ శ్రమకు ఫలితం అన్నిటికన్నా తక్కువ దక్కేది ఈ దశలోనే, ఏడాదికి పదిహేనుసార్లు వేసినా తెల్లగీతే గెలుస్తుంది. మెల్లగా వదిలేసే దారి చూడండి.

ఒక్కసారైనా దురద, వాపు, రసి వచ్చినవాళ్లు: పీపీడీ ఉన్నది ఏదీ వద్దు, "ఈసారి బ్రాండ్ మార్చి చూద్దాం" అన్నదీ వద్దు. దాని బదులు పీటీడీ అనే రసాయనం వాడే రంగులున్నాయి గానీ పీపీడీ పడనివాళ్లలో కొందరికి అవీ పడవు, చర్మవ్యాధుల డాక్టర్‌ని అడగకుండా ప్రయత్నించకండి. కీమో అయ్యాక జుట్టు కొత్తగా వస్తున్నవాళ్లు కూడా ముందు మీ డాక్టర్‌నే అడగాలి.

అమెరికాకో ఆస్ట్రేలియాకో పిల్లల దగ్గరికి పురుడు పోయడానికి ఆర్నెల్లు వెళ్లేవాళ్లు: ఇక్కడ పార్లర్‌కి అలవాటుపడ్డవాళ్లకు అక్కడి రేట్లు గుండె ఆగేలా ఉంటాయి, కోడలినో అల్లుడినో ప్రతి నెలా తీసుకెళ్లమని అడగడం ఇబ్బంది. రెండు దారులు: ఇక్కడే వాడి చూసి పడిందని తెలిసిన పొడి ప్యాకెట్లు సీలుతో సహా సూట్‌కేసులో పెట్టుకోవడం, లేదా ఆ ఆర్నెల్లనే తెల్లజుట్టు పెంచుకునే సమయంగా వాడుకోవడం. చుట్టాల కళ్లు లేని చోట మొదటి ఆర్నెల్లు గడిచిపోతే, తిరిగొచ్చేసరికి కష్టమైన దశ సగం దాటేసి ఉంటారు. చలి దేశాల్లో టోపీ కూడా కలిసొస్తుంది.

ఇంట్లో అమ్మాయిదో అబ్బాయిదో పెళ్లి ఉన్నవాళ్లు: కొత్తగా ఏది మొదలుపెట్టాలన్నా కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి, పెళ్లి పది రోజులుందనగా కొత్త డబ్బా తెరవకండి. మామూలుగా వేసే రంగునే పెళ్లికి నాలుగైదు రోజుల ముందు వేసుకుంటే నుదుటి మీద మరకలు పోయి, రంగు కుదురుకుని, ఫొటోల్లో సహజంగా ఉంటుంది. నీలి ఆకు అయితే వారం ముందు. తెల్లజుట్టుతోనే పీటల మీద కూర్చోవాలనుకునే తల్లులు ఆ రెండు నెలల్లోనే ఒకసారి మంచి కత్తిరింపు చేయించుకుని, ముడి ఎలా వేసుకోవాలో, పూలు ఎటువైపు పెట్టాలో ముందే ఒకసారి వేసి చూసుకోండి. మల్లెలు తెల్లజుట్టు మీద కనపడవు, కనకాంబరాలో గులాబీలో కలిపి కట్టించుకోండి.